నీడలు లెక్కపెట్టని రోజు

ఏనుగుదంతం కనుమలో రెండు తెల్లరాళ్లు ఆకాశంలోకి వంపు తిరిగి లేచి ఉంటాయి. ఉదయం అవి వెన్నముద్దల్లా ఉంటాయి. ఎండ ముదిరేకొద్దీ పసుపెక్కి, పొద్దు వాలేసరికి రాగి కొమ్ములవుతాయి. వాటి మొదట్లో గుర్రం పట్టేంత ఇరుకుదారి. అటు చూస్తే శంఖవతి నది వెండితాడు పారేసినట్టు మెలికలు తిరిగి కనిపిస్తుంది. నది అవతల గరుడశిల కొండ. కొండ మీద పెద్దల సభ.

ఆ ఇరుకుదారి ముందు ఇరవైమంది బారు తీరి నిలబడ్డారు. వాళ్లలో గొంకన ఒకడు. వేషం తోలుబొమ్మలాటవాడిది. గడ్డం పెంచి, నుదుట బొగ్గు రాసుకున్నాడు. భుజాన బొమ్మల కట్ట ఉంది. బొమ్మల వెదురుపుల్లల మధ్య అలాంటిదే ఒక వెదురుగొట్టం దాచాడు. దాని మూతికి లక్కముద్ర. లోపల ఒక తాటాకు. ఎర్రగుడ్డ చట్టాన్ని రద్దు చేయాలని ఆ తాటాకు మీద రాసి ఉంది.

కుంభస్థలి రాజ్యంలో చట్టం ఒక్కచోట పుట్టదు. నదికి ఈవల పల్లెసభ, ఊరికొక సభ్యుడు. ఆవల పెద్దల సభ, నాడుకు ఇద్దరు. ముసాయిదాను ఇక్కడ మూడుసార్లు చదువుతారు. మొదటిసారి పుచ్చుకోవడానికి, రెండోసారి మాటమాటా విప్పి సవరించడానికి, మూడోసారి నిలపడానికో పడగొట్టడానికో. ఆ తర్వాత నది దాటించి అక్కడా మూడుసార్లు చదువుతారు. రెండు సభలూ సరేనంటేనే రాజముద్ర. రెండింటి మధ్యా నదిని ఉంచినవాడు ఈ రాజ్యపు మొదటి రాజు. కోపంలో పుట్టిన ముసాయిదా పడవ దిగేలోపు చల్లబడాలని ఆయన ఉద్దేశం.

ఆయన పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. రద్దు ముసాయిదాను ఆ చట్టం తెచ్చినవాడే మోయాలి. దారిలో ఎవరడిగినా ఆ చట్టం నాదేనని ఒప్పుకోవాలి. కాదంటే లక్కముద్ర దానంతటదే పగులుతుంది. పగిలిన ముద్రను పెద్దల సభ ముట్టుకోదు.

ఎర్రగుడ్డ చట్టం గొంకనది.

రద్దు ముసాయిదా పల్లెసభలో మూడు చదువులూ దాటింది. పెద్దల సభ సమావేశాలు ఆ రోజుతో ముగుస్తాయి. కాలం కొలిచే చివరి గడియకుడుక నీళ్లలో మునిగి భేరి మోగేలోపు వాళ్లు మొదటి చదువు విని పుచ్చుకుంటే ముసాయిదా బతుకుతుంది. లేదంటే ఏడేళ్ల దాకా దాన్ని ఎవరూ ఎత్తకూడదు. ఏటిగట్టు పల్లెలు ఏడేళ్లు ఆగలేవు.

బారు ముందుకు జరిగింది. ముసాయిదా మోసేవాణ్ని పట్టుకోవడానికి కాచుకున్న కాపలా నాయకుడు రాతి మీద కూర్చుని చెరుకుముక్క నములుతున్నాడు. వాడి వెనక నలుగురు రౌతులు కదలకుండా గుర్రాల మీద ఉన్నారు. గుర్రాలకు నీడలున్నాయి. రౌతులకు లేవు.

"ఎర్రగుడ్డ చట్టం నీదా?" అని కాపలావాడు ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు.

"నాదైతే నేనెందుకు నడుస్తాను బాబూ, పల్లకీలో వెళ్లనూ!" అన్నాడు కుండలవాడు. అందరూ నవ్వారు. వాడు వెళ్లిపోయాడు.

గొంకన వంతు వచ్చింది.

"నీ సంగతేంటోయ్ బొమ్మలోడా? ఎర్రగుడ్డ చట్టం నీదా?"

"నాదే" అన్నాడు గొంకన.

కాపలావాడు ఒక్క క్షణం ఆగి, పగలబడి నవ్వాడు. చెరుకుపిప్పి గడ్డం మీద పడింది. "విన్నారట్రా? బొమ్మలాడించేవాడు చట్టాలు కూడా ఆడిస్తాడట! పో పో. వచ్చేటప్పుడు మాకో ఆట ఆడిపోవాలి."

గొంకన రెండడుగులు వేశాడు. వెనక గడ్డిమోపుతో ఉన్న ముసలమ్మ నవ్వలేదు. మోపు దించి అతడి మొహంలోకి వంగి చూసింది.

"ఈ గొంతు నాకు తెలుసు" అంది మెల్లగా. "మా సంతలో బండెక్కి అరిచావు. ఇక మీ పిల్లలు ఏట్లో మునగరు అన్నావు. నిజమేనయ్యా. మునగలేదు. జ్వరమొస్తే అవతలి వైద్యుడి దగ్గరికి దాటించలేక ఒడ్డునే పోయారు. నా మనవలు ఇద్దరు."

గొంకన తల వంచుకున్నాడు. 

"ఏయ్ ముసల్దానా, ఏమంటున్నావ్?" కాపలావాడు లేచాడు.

ముసలమ్మ చూపు బొమ్మల కట్ట మీద పడింది. వెదురు చివర ఎర్రగా మెరుస్తున్న లక్కను చూసింది. రద్దు తాటాకు మోస్తున్నాడని ఆమెకు అర్థమైంది. వెంటనే గొంతు మార్చింది. "ఏం లేదు నాయనా. మా ఊళ్లో ఆడి నా దగ్గర చేటెడు జొన్నలు పట్టుకుపోయాడు, రెండో ఆట ఎగ్గొట్టాడు. తిట్టొద్దా?"

కాపలావాడు నమ్మలేదు. చెరుకు పారేసి దగ్గరికొచ్చాడు. ఈసారి నవ్వకుండా అడిగాడు. "మళ్లీ అడుగుతున్నా. ఆ చట్టం ఎవరిది?"

"నాదే. పల్లెసభ సభ్యుడు గొంకనను."

ఆ మాట పూర్తయ్యేలోపే గొంకన వాడి ఛాతీ మీద తల పెట్టి గుద్దాడు. వాడు వెల్లకిలా పడ్డాడు. రాతికి కట్టిన వాడి గుర్రం కళ్లెం తెంచి ఎక్కేశాడు. ముసలమ్మ తన గడ్డిమోపును సరిగ్గా ఇరుకుదారికి అడ్డంగా దొర్లించింది. నాలుగు గుర్రాలూ మోపు ముందు బెదిరి నిలబడ్డాయి. అది ఎంతోసేపు కాదు. గొంకనకు బాణం వేటు దూరం మాత్రం దొరికింది.

ఆ తర్వాత దారంతా దిగుడే. రాళ్లు, ముళ్లు, ఎండిన వాగులు. గుర్రం డెక్కల కింద గులకరాళ్లు పేలాలు వేగినట్టు చిటపటలాడాయి. ఒక బల్లెం గొంకన చెవి పక్కనుంచి వెళ్లి మోదుగచెట్టులో దిగింది. రెండోది గుర్రం తొడకు తగిలింది. గుర్రం మోకాళ్ల మీద కూలింది. గొంకన ఎగిరి ఇసుకలో పడ్డాడు. కట్ట విప్పుకుంది. బొమ్మలు చెల్లాచెదురయ్యాయి.

నలుగురూ చుట్టుముట్టారు. వాళ్లు మాట్లాడరు. మాంత్రికుడు కాలజంఘుడి నల్లపడవెక్కి నది దాటిన పాపానికి అతడికి తమ నీడలు ఇచ్చినవాళ్లు. నీడ పోయిన మనిషి అతడి బంటు. వాళ్లలో ఒకడి మెడలో చేపలవల దారం ఇంకా వేలాడుతోంది.

గొంకన చేతికి ఒక బొమ్మ తగిలింది. నిలువెత్తు రాజకుమారి బొమ్మ. పలచని మేకతోలు మీద ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. దాన్ని ఎండకు అడ్డంగా ఎత్తాడు. ఇసుక మీద రంగుల నీడ పడింది.

మొదటి రౌతు బల్లెం దించాడు. గుర్రం దిగాడు. చంటిపిల్ల కాళ్లతో నడిచినట్టు తడబడుతూ వచ్చి ఆ నీడ వెనక నిలబడ్డాడు, అది తనదే అన్నట్టు. చెయ్యెత్తాడు. నీడ చెయ్యెత్తలేదు. వాడు మళ్లీ ఎత్తాడు. రెండోవాడు వచ్చి వాడిని తోశాడు. మూడోవాడు ఇద్దరినీ. గొంకన వెదురుపుల్లలను ఇసుకలో గుచ్చి బొమ్మను అక్కడే నిలబెట్టాడు. నలుగురు మనుషులు ఒక తోలుబొమ్మ నీడ కోసం కలబడుతుంటే వెదురుగొట్టం చంకలో పెట్టుకుని పరుగెత్తాడు. వెనక్కి చూడలేదు. చూసే మొహం లేదు.

శంఖవతి రేవు ఖాళీగా ఉంది. ఒకప్పుడు అక్కడ ఎనభై పడవలు కట్టి ఉండేవి. ఇప్పుడు కట్టుకొయ్యలే మిగిలాయి. వాటి మీద కొంగలు. నది అద్దంలా ఉంది. అలలేదు, సుడిలేదు. ఒడ్డు మీది బురుజు కొసన ఎర్రగుడ్డ ఎగురుతోంది. వరద అని దాని అర్థం. ఆ గుడ్డ ఎగిరినంతసేపు వరద జోస్యుడి పడవ తప్ప ఏ పడవా కదలకూడదని గొంకన చట్టం. కదిలితే పడవ కాలుస్తారు. తెడ్డు వేసినవాడి బొటనవేలు తీస్తారు. గుడ్డ ఎత్తడానికీ దించడానికీ అధికారం వరద జోస్యుడు ఒక్కడిదే. ఆ పదవిలో కూర్చున్నవాడు కాలజంఘుడు. రెండేళ్ల కిందట ఎత్తాడు. ఇంతవరకు దించలేదు.

నల్లపడవ చప్పుడు లేకుండా రేవుకు వచ్చింది. తెడ్లు వాటంతటవే కదులుతున్నట్టున్నాయి. దగ్గరికి వచ్చాక కనిపించింది, వాటిని పట్టుకున్నవి నీడలు. ముందువైపు పులితోలు మీద కాలజంఘుడు కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి. కొంగలాంటి కాళ్లు. మెడలో ముత్యపుచిప్పల దండ.

"రావయ్యా గొంకనా, నీ కోసమే తెచ్చాను పడవ. ఆలస్యమైతే భేరి మోగిస్తారు. ఎక్కు. నీడ ఒక్కటి ఇచ్చి ఎక్కు."

"నీడ లేకుండా వెళితే సభలో నన్ను మనిషిగా లెక్కపెట్టరు."

"ఓహో, నీడల లెక్క! నీకు ఇప్పుడు గుర్తొచ్చిందా?" కాలజంఘుడు కిలకిల నవ్వాడు. "ఆ రోజు మబ్బు పట్టినప్పుడు నువ్వేమన్నావు? నువ్వే చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

కుంభస్థలి సభల్లో సమ్మతిని తలలతో లెక్కపెట్టరు, నీడలతో లెక్కపెడతారు. ముంగిట్లో సున్నపు గీత ఉంటుంది. సరేనన్నవాళ్లు గీతకు తూర్పున, వద్దన్నవాళ్లు పడమర. మంత్రంతో పుట్టించిన మాయమనిషి ఎలాంటి రూపమైనా కడతాడు కాని నీడ కట్టలేడు. అందుకే ఆ పద్ధతి. మబ్బు పడితే ఎండ వచ్చేదాకా అందరూ కూర్చోవాలి.

ఎర్రగుడ్డ చట్టం రెండో చదువు రోజున అల్లపుతోటల ఊరి సభ్యురాలు మాచమ్మ ఒక సవరణ తెచ్చింది. గుడ్డ ఎత్తేది జోస్యుడైనా, దించే అధికారం రేవు పెద్దలకు ఉండాలంది. లెక్కకు నిలబడ్డారు. మబ్బు పట్టింది. ఆ సాయంత్రం గొంకనను ఊరేగించడానికి వాళ్ల ఊరి నుంచి ఏనుగు వచ్చి సభ బయట నిలబడి ఉంది. అతడు ఆకాశం చూశాడు, ఏనుగును చూశాడు. "మబ్బు పోయేదాకా కూర్చుంటామా? నోటితో చెప్పేస్తే సరిపోదా?" అన్నాడు. సభ నవ్వింది. నోటితో చెప్పేశారు. సవరణ ఓడింది. మర్నాడు గొంకన మనసులో లెక్క కట్టాడు. వద్దన్న గొంతుల్లో పదకొండింటికి ఊరు లేదు, అవి మాయమనుషులవి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అప్పటికే మెడలో పూలదండ ఉంది.

"నోటితో చెప్పేస్తే సరిపోదా అన్నావు" అన్నాడు కాలజంఘుడు. "నేను ముప్ఫై ఏళ్లు తపస్సు చేసి సంపాదించలేనిది నువ్వు ఒక్క మాటతో ఇచ్చావు. నా గురువుకు కూడా నేనింత రుణపడలేదు."

గొంకన వెనుదిరిగి ఒడ్డు వెంట నడిచాడు. వెనక నుంచి నవ్వు వినిపిస్తూనే ఉంది.

రెల్లుపొదల మలుపులో ఒక మనిషి కూర్చుని రెల్లు కోస్తున్నాడు. కొడవలిని పిడికిలితో పట్టకుండా అరచేతికి తాడుతో కట్టుకున్నాడు. కుడిచేతికి బొటనవేలు లేదు. గొంకన ఆగిపోయాడు.

అతడు జక్కడు. ఆ రేవులో ఒకప్పుడు అందరికంటే మంచి పడవవాడు.

"సభ్యులవారా!" అన్నాడు జక్కడు తలెత్తకుండానే. "వాడితో బేరం కుదరలేదా?"

"లేదు."

"ఆ చట్టం ఎవరిది?"

"నీకు తెలుసు కదా జక్కా."

"అడిగితే చెప్పాలంట కదా. చెప్పు."

"నాదే."

"మరి నా బొటనవేలు?"

 ఏడాది కిందట గొంకన భార్య కామసానికి విషజ్వరం వచ్చింది. ఎర్రగుడ్డ ఎగురుతూనే ఉంది. జక్కడు ఎవరూ అడక్కుండానే వచ్చి ఆమెను ఎత్తి పడవలో పడుకోబెట్టి వైద్యుడి దగ్గరికి దాటించాడు. తిరిగి రాగానే పట్టుకున్నారు. విచారణలో అధికారి గొంకనను ఒక్కటే అడిగాడు, ఇతడిని మీరు పిలిచారా అని. నేను పిలవలేదు అన్నాడు గొంకన. అది అబద్ధం కాదు. అంతకు మించి నోరు విప్పలేదు. చట్టం తెచ్చినవాడే చట్టం తప్పినవాడి తరఫున మాట్లాడితే పరువు పోతుందని భయపడ్డాడు. రేవులోనే పడవ కాల్చారు. అక్కడే వేలు తీశారు.

"అమ్మగారు నాలుగు రోజులు బతికారంట" అన్నాడు జక్కడు. "నా సంగతి అడిగారా?"

"అడిగింది. నీ తరఫున మాట్లాడానా అని అడిగింది."

"ఏం చెప్పావు?"

గొంకన నీళ్ల వైపు చూశాడు. "మాట్లాడానని చెప్పాను. నిన్ను వదిలేశారని చెప్పాను. అది విని కళ్లు మూసింది."

జక్కడు కొడవలి తాడు విప్పాడు.  తర్వాత లేచి రెల్లుమోపు పక్కకు లాగాడు. దాని కింద తాటిదోనె ఉంది. చెట్టు మొద్దును తొలిచి చేసింది. ఇద్దరు పట్టేంత.

"నేను వెయ్యను" అన్నాడు జక్కడు. "తెడ్డు నువ్వు పట్టు. నేను కూర్చుంటాను. ఈ రేవు అంతా చూడాలి, తెడ్డు ఎవరి చేతిలో ఉందో."

"అక్కడ నా వేలు తీస్తారు."

"తీస్తారు. ఆ తర్వాత ముద్ద ఎలా కలపాలో నేను నేర్పిస్తాలే. ఎక్కు."

గొంకన తెడ్డు పట్టాడు. దోనె మొదట గుండ్రంగా తిరిగింది. "అటు కాదయ్యా, అటు!" అని జక్కడు అరిచాడు. "చట్టం చెయ్యడానికి ముందు ఒక్కసారైనా తెడ్డు పట్టుకుని చూడలేదా?" దోనె దారిలో పడింది. బురుజు మీద కొమ్ము ఊదారు. నల్లపడవ వాళ్ల వైపు తిరిగింది.

నది నడుమకు వచ్చేసరికి తెడ్డు నీటిలో దిగలేదు. రాయిని కొట్టినట్టు ఖంగుమంది. దోనె చుట్టూ నీళ్లు గాజులా బిగుసుకున్నాయి. ఎగిరిన చేప ఒకటి గాలిలోంచి తిరిగి పడి, గట్టినీటి మీద కొట్టుకుంటోంది. దూరంగా నల్లపడవ మీద కాలజంఘుడు రెండు చేతులూ చాచి, బుగ్గలు పూరించి నిలబడ్డాడు. జలస్తంభన విద్య.

"ఊపిరి బిగబట్టినంతసేపే అది!" అన్నాడు జక్కడు. "మా తాత చెప్పేవాడు. దిగు! పరుగెత్తు!"

ఇద్దరూ నీటి మీద పరుగెత్తారు. కాళ్ల కింద, అడుగెడు లోతులో, చేపలు కళ్లు తెరిచి నిలిచిపోయి ఉన్నాయి. ఒడ్డు నూరు బారలు. యాభై. ముప్ఫై. వెనక నల్లపడవ కూడా అదే నీటిలో చిక్కుకుని కదల్లేదు. మాంత్రికుడి మొహం వంకాయరంగు తిరిగింది. పది బారల దూరంలో అతడి ఊపిరి వదులైంది. నీరు ఒక్కసారి నీరైంది. గొంకన నిలువునా మునిగాడు. ఒక చెయ్యి మాత్రం పైన ఉంది, గొట్టంతో. నాలుగు వేళ్ల చెయ్యి ఒకటి అతడి జుట్టు పట్టి లాగింది. ఒడ్డున బురదలో పడేదాకా వదల్లేదు.

లక్కముద్ర పగల్లేదు.

గరుడశిల మెట్లు మూడొందల అరవై. ఇద్దరూ నీళ్లోడుతూ ఎక్కారు. పైన పెద్దల సభ ముంగిలి ఏనుగులు తిరిగేంత వెడల్పు. నాలుగు వైపులా నల్లరాతి స్తంభాలు, ప్రతి స్తంభానికీ రెక్క విప్పిన గరుడపక్షి. నడుమ సున్నపు గీత. పక్కన పెద్ద గంగాళంలో రాగి గడియకుడుక తేలుతోంది. అడుగున సన్నటి రంధ్రం. నీరు ఎక్కుతోంది. అంచు ఇంకా మూడు వేళ్ల ఎత్తులో ఉంది. భేరి దగ్గర మనిషి కొయ్య పట్టుకుని కుడుకను చూస్తున్నాడు.

సభాపతి బేతరాజు తొంభై ఏళ్ల మనిషి. ముద్రను వేలితో తడిమి చూశాడు. "ఈ చట్టం ఎవరిది?"

"నాదే."

"గుడ్డ ఎగురుతుండగా నది ఎలా దాటావు?"

"తెడ్డు నేనే వేశాను. నా బొటనవేలు సభకు బాకీ."

సభ గుసగుసలాడింది. బేతరాజు చెయ్యెత్తాడు. "ఆ సంగతి తర్వాత. ముందు ముసాయిదా." ముద్ర విప్పి తాటాకు చదివాడు. మొదటి చదువు ముగిసింది. "పుచ్చుకుందామన్నవాళ్లు తూర్పుకు, వద్దన్నవాళ్లు పడమరకు."

పెద్దలు లేచారు. అప్పుడే ముంగిలి మసకబారింది. గీత కనిపిస్తోంది కాని ఏ కాలి దగ్గరా నీడ లేదు. నది వైపు నుంచి ఒకే ఒక నల్లమబ్బు వచ్చి సూర్యుడి మీద కూర్చుంది.

కుడుక అంచు రెండు వేళ్ల ఎత్తుకు దిగింది.

బేతరాజు ఆకాశం చూశాడు, కుడుకను చూశాడు. గొంకన వైపు జాలిగా చూశాడు. "నాయనా, మబ్బు కోసం ఆగితే నీ ముసాయిదా చస్తుంది. ఇంత కష్టపడి తెచ్చావు. తూర్పున మనుషులు ఎక్కువగానే ఉన్నారు, నాకు కనిపిస్తూనే ఉంది. ఏమంటారు పెద్దలారా? ఈ ఒక్కసారికి నోటితో చెప్పేస్తే సరిపోదా?"

"సరిపోతుంది! సరిపోతుంది!" అన్నారు చాలామంది. రెండు వైపుల నుంచీ అన్నారు.

గొంకన ఆ గొంతుల వైపు తిరిగాడు. అప్పుడు కనిపించాడు, చివరి గరుడస్తంభం పక్కన, తడిసిన కొంగకాళ్లతో కాలజంఘుడు. తన పదవి ఊడగొట్టే ముసాయిదా గెలవబోతుంటే అతడు తల ఆడిస్తున్నాడు, సరేనన్నట్టు. ఈ సభలో కూడా ఒక్కసారి నీడల లెక్క ఆగితే అతడికి చాలు. రెండో చదువుకూ మూడో చదువుకూ ఎన్ని గొంతులు కావాలంటే అన్ని పుట్టిస్తాడు. ఆ తర్వాత వచ్చే ప్రతి చట్టం అతడిదే.

"చెప్పండి, పుచ్చుకుందామనేవాళ్లు..." అని బేతరాజు మొదలుపెట్టాడు.

"ఆగండి" అన్నాడు గొంకన.

పెద్దలంతా అతడి వైపు తిరిగారు.

"మొదట ఆ మాట అన్నవాణ్ని నేను. రెండేళ్ల కిందట, పల్లెసభలో, ఇలాగే మబ్బు పట్టినప్పుడు. పదకొండు గొంతులకు ఊరు లేదు. నాకు మర్నాడే తెలిసింది. దాచాను. ఊరేగింపు చెడుతుందని దాచాను." అతడు సున్నపు గీత దాకా నడిచాడు. "నోటి లెక్క వద్దు. ఎండ వచ్చేదాకా ఆగండి."

"కుడుక మునుగుతుందయ్యా!" అని ఎవరో అరిచారు. "నీ చట్టం ఏడేళ్లు నిలుస్తుంది!"

"తెలుసు."

స్తంభం పక్కన కాలజంఘుడి తల ఆడటం ఆగిపోయింది. అతడి చెయ్యి మెల్లగా పైకి, మబ్బు వైపు లేచింది. మబ్బు ఇంకా చిక్కబడింది. భేరివాడు కొయ్య భుజం దాకా ఎత్తాడు.

గుమ్మంలో నిలబడ్డ జక్కడు లోపలికి వచ్చాడు. ఎవరి అనుమతీ అడగలేదు. గంగాళం పక్కన గొంతుక్కూర్చుని, తన కుడిచేతి చూపుడువేలు కుడుక అంచుకూ నీటికీ మధ్య అడ్డంగా పెట్టి చూశాడు.

"ఇంకా వేలెడు ఉంది, ఆగుదాం" అన్నాడు.